ఉబ్బని చెయ్యి

పిల్లల చేతికి స్పిరిట్ దూది రుద్దినప్పుడు వచ్చే చల్లటి ఘాటు వాసన ఇవాళ్టికీ నన్ను ఒక్క క్షణం ఆపుతుంది. హన్మకొండలో నా సొంత క్లినిక్‌లో ఉండి కూడా, వెనక షాహీన్ మేడం నిలబడ్డారేమోనని వెన్ను నిటారుగా పెడతాను. వరంగల్లులో మేం పనిచేసిన దవాఖానలో పిల్లల వార్డుకు ఆవిడ పెద్ద, నేను అప్పుడే చేరిన జూనియర్‌ని. ఆవిడ చెప్పుల చప్పుడు వినబడితే చాలు, చదివిందంతా మరిచిపోయేదాన్ని.

ధర్మసాగర్ నుంచి కొమురయ్య అనే కూలీ తన నాలుగేళ్ల కూతురు అఖిలను ఎత్తుకొచ్చాడు. వారాల తరబడి జ్వరం, ఒంట్లో ఎముకలే మిగిలాయి, పిలిస్తే కళ్లు సగమే తెరుస్తుంది. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల నిండా రవ్వ చల్లినట్టు చుక్కలు. టీబీ అని అనుమానించి ముంజేతికి పరీక్ష సూది వేశాం. టీబీ ఉంటే సాధారణంగా అక్కడ దద్దు లేస్తుంది. మూడో రోజు చూస్తే ఏమీ లేదు. ఎక్స్‌రే అతనికేం అర్థమవుతుంది? కొమురయ్య చూసింది కూతురి చేతినే.

"సాఫ్‌గున్నది గద మేడం. టీబీ లేనట్టే. ఇంటికి తోల్కపోతం," అంటూ సంచి సర్దసాగాడు.

నిజం చెప్పొద్దూ, నాకూ కాస్త ఊపిరి తిరిగింది. మేడం మాత్రం ఆ చేతిని వదలకుండా వేలితో మళ్లీ మళ్లీ తడిమారు.

"తమ్మీ, జర కూసో," అన్నారు. "మన ఒంట్ల కావలి కణాలుంటయి. ఏ క్రిమి వచ్చినా మింగి అరిగిస్తయి. ఈ టీబీ క్రిమి తనను మింగనిస్తది. మింగినంక అరిగిచ్చే రసం తన మీద పడకుంట ఆపి, ఆ కణం కడుపులనే కాపురం పెడ్తది. ఇంటి దొంగను ఈశ్వరుడు పట్టలేడంటరు గద. నీ బిడ్డ ఒళ్లు కొట్లాడి కొట్లాడి అలిసిపోయింది, సూదికి దద్దు లేపే బలం గూడ లేదు. చెయ్యి ఉబ్బలేదనే నాకు భయమైతాంది."

"లేని రోగానికి మందేస్తే పిల్ల తట్టుకుంటదా?" అన్నాడు కొమురయ్య.

"ఇయ్యాల తోల్కపోతే మల్ల తెచ్చేతందుకు పిల్ల ఉండదు."

తండ్రితో అనే మాటేనా అది? నాకు ఒళ్లు మండింది. కొమురయ్య సంచి కింద పెట్టాడు.

మందులు మొదలుపెట్టాక రోజులు కదల్లేదు. తప్పు మాదేమో, పిల్ల కాలేయం ఏమవుతుందో అని నాకు తిండి సయించలేదు. ఒక పొద్దున అఖిల చాయ్‌లో రొట్టె కావాలని ఏడ్చింది. ఆ ఏడుపు విని నేనూ ఏడ్చాను.

ఇంటికి పంపిన కొన్నాళ్లకు కొమురయ్య మళ్లీ వచ్చాడు. "ఉరుకుతాంది, ఆడుతాంది. ఇగ మందులెందుకు మేడం? అప్పుడు చేతికేం రాకపాయె."

మేడం వాదించలేదు. అదే పరీక్ష మళ్లీ వేయించారు. మూడో రోజు అతను పిల్లనెత్తుకుని పరుగున వచ్చాడు. ముంజేయి ఎర్రగా, గట్టిగా ఉబ్బింది.

"సూది వికటించిందా మేడం?"

మేడం ఆ వాపు మీద అరచెయ్యి పెట్టారు. కళ్లు నిండాయి. "లేదు తమ్మీ. నీ బిడ్డ ఒళ్లు ఇప్పుడు దొంగను గుర్తువట్టింది. లోపల క్రిములు ఇంకా దాగున్నయి. మందు ఆపితే ఒక్కతే ఎట్ల కొట్లాడుతది?"

అతను ఆపలేదు. అఖిల బతికింది.

మేడం పోయి రెండేళ్లయింది. నా క్లినిక్‌లో సూది చూసి కెవ్వుమనే పిల్లలు, నన్ను తన్నే పిల్లలు ఎందరో. తన్నించుకుంటాను. సూది గుచ్చినా ఊరుకునే పిల్ల ఒళ్లో ఉంటేనే నాకు భయం.