రాజన్న దుప్పటి కప్పిన మైక్

నిన్న పొద్దున రాజన్న కొడుకు ఫోన్. "కాకా, బాపు పోయిండు."

రాజన్నా నేనూ మస్కట్‌లో ఒకే రూమ్‌లో బతికినవాళ్లం.

రోడ్డు దాటుతుంటే వెనక నుంచి ట్రాక్టర్. డ్రైవర్ హారన్ కొట్టాడట. వదిన అరిచిందట. రాజన్నకి ఏదీ వినపడలేదు.

మా వాట్సాప్ గ్రూపులో అప్పుడే మొదలుపెట్టారు, "చూసుకుని నడవాలి కదా" అని.

దయచేసి నోరు మూసుకోండి. ఆ చెవులు ఎక్కడ పోయాయో నాకు తెలుసు.

తొంభైల్లో మస్కట్, ఎయిర్‌పోర్ట్ పక్కన అజైబాలో మా లేబర్ క్యాంప్. రన్‌వే పక్కన డ్యూటీ, అక్కడికి దగ్గర్లోనే రేకుల రూమ్. చెవులకి దూది కూడా మేమే కొనుక్కున్నాం. విమానం వస్తే సగం మాట ఆపి, పోయాక మిగతా సగం చెప్పుకునేవాళ్లం. రాజన్న మాటలు రికార్డు చేసి ఇంటికి పంపే క్యాసెట్లలో ఆయన కన్నా విమానమే ఎక్కువ మాట్లాడుతోందని వదిన తిట్టేది.

దగ్గర్లోని పెద్ద విల్లాల వాళ్లు కంప్లైంట్ చేస్తే, చప్పుడు కొలవడానికి ఒక కన్సల్టెంట్ వచ్చాడు. వాళ్ల డాబాల మీద మైకులు పెట్టి, మా క్యాంప్ దగ్గర కూడా ఒకటి నిలబెట్టాడు. అదేంటో, ఎందుకో మాకు ఒక్కడూ చెప్పలేదు. పాడైతే బాధ్యత మీదే అని మాత్రం సూపర్‌వైజర్ బెదిరించాడు.

మధ్యాహ్నం ఇసుక గాలి లేచింది. రాజన్న పరిగెత్తుకెళ్లి, ఇంటి నుంచి తెచ్చుకున్న దుప్పటి ఆ మైక్‌కి చుట్టి తాడు కట్టాడు.

"పరాయి సొమ్మురా, పైలంగ ఉండాలె."

కన్సల్టెంట్ వచ్చి ఆ మూట చూశాడు. పడీపడీ నవ్వాడు. ఫోటో తీసుకున్నాడు. మళ్లీ కొలవలేదు. దుప్పటి కింద వచ్చిన తక్కువ రీడింగే రాసుకుపోయాడు.

విల్లాలకి డబుల్ గ్లాస్ కిటికీలు వచ్చాయి. బిగించింది మేమే, రాజన్న కూడా. మా క్యాంప్ మార్చమని అడిగితే సూపర్‌వైజర్ జవాబు, "మెషిన్ బోలా, ఇధర్ షోర్ నహీ హై." ఇక్కడ చప్పుడే లేదని మెషిన్ చెప్పిందట.

దుప్పటి తీసేసి ఇంకోసారి కొలవడానికి ఆ నవ్విన పెద్దమనిషికి ఏం రోగం? ఇన్నేళ్లయినా నా కడుపు మండుతూనే ఉంది.

ఊరికి తిరిగొచ్చేనాటికి రాజన్నకి రెండు చెవులూ పోయాయి. ఆయనకి మాత్రం ఎవరి మీదా కోపం లేదు. "నేనే కప్పిన గదరా" అనేవాడు.

కాదన్నా. నువ్వు వాళ్ల వస్తువుని కాపాడావు. నిన్ను కాపాడాల్సిన వాళ్లు నవ్వి వెళ్లిపోయారు.

వెళ్లిరా అన్నా. నీకు శాంతి కలగాలి.

అక్కడ ఎవరైనా వెనక నుంచి పిలిస్తే, నీకు వినపడాలి.