బావ చేతి బ్రేకు

మా అక్క పెట్టిన షరతు ఒక్కటే, బావ పాదాలు. ప్రతిసారీ సైకిలెక్కే ముందు బావను వరండాలో కుర్చీలో కూర్చోబెట్టి, తను కింద పీట వేసుకుని, సెల్‌ఫోన్ లైటు వేసి రెండు అరికాళ్లూ, వేళ్ల సందులూ చూసేది. తిరిగొచ్చాక మళ్లీ అదే తంతు. బావకు షుగరు. మూడేళ్ల కిందట రెండు కళ్లూ తీసుకుపోయింది. కాళ్లలో స్పర్శ కూడా చాలావరకు పోయింది, మేకు గుచ్చుకున్నా తెలియదు. "ఒక్క గీత కనబడిందా, ఆ రెండు సీట్ల బండిని పాత ఇనుములవాడికి తూకానికి ఇచ్చేస్తా. తమ్ముడివని కూడా చూడను" అని అక్క నాతో ముందే చెప్పింది. మా అక్క ఊరికే బెదిరించే మనిషి కాదు.

బావకు నరసరావుపేటలో సైకిలు షాపు ఉండేది. అక్క పెళ్లినాటికి నాకు పదేళ్లు. సెలవులిస్తే చాలు, అక్కను చూసొస్తానని వచ్చి షాపులోనే పడి ఉండేవాణ్ణి. బావ నా కళ్లకు తుండుగుడ్డ కట్టి, చేతిలో ఏదో ఒక సామాను పెట్టి, "ఇదేంటో చెప్పరా బామ్మర్దీ" అనేవాడు. తప్పు చెబితే మొట్టికాయ. కానీ నేనేదైనా అడిగితే "నీకెందుకురా" అన్న మాట ఆయన నోట ఒక్కసారి కూడా రాలేదు. చేతిలో పని ఆపి మరీ చెప్పేవాడు. ఆ షాపుకొక ఆచారం ఉండేది. బాగుచేసిన బండి బయటికి పోయే ముందు చక్రం నడుముండే హబ్బు మీది చిన్న కన్నంలో, పొడుగుముక్కు నూనె డబ్బాతో రెండు చుక్కలు పడాల్సిందే. టిక్కు, టిక్కు. బేరం ఎంత తొందరలో ఉన్నా ఆగాల్సిందే. నూనె చుక్క పడని బండి గడప దాటకూడదని బావ సిద్ధాంతం.

నేను సత్తెనపల్లి దగ్గర జిన్నింగు మిల్లులో మెయింటెనెన్సు చూస్తాను. పత్తి బేళ్లు తీసుకుపోయే లారీ డ్రైవరొకడు పాండిచ్చేరి నుంచి వస్తూ, ఎవరో బంగళా ఖాళీ చేస్తుంటే దొరికిందని తుప్పుపట్టిన ఫ్రెంచి రేసు సైకిలొకటి తెచ్చాడు. దానితో మొదలైంది, పాత ఫ్రెంచి బండ్లు బాగుచేసే నా పిచ్చి. ఫ్రెంచివాడి లెక్కలు వేరు. పెడల్ మర మన పెడల్‌కు సరిపోదు. సరిపోయినట్టే ఎక్కుతుంది గానీ వెంట్రుకవాసి తేడాలో, పెడల్ బిగించే క్రాంకును తినేస్తుంది. పెడల్ ఇరుసుకు కుడివైపుండే కప్పు మన బండ్లకు ఎడమకు తిప్పితే బిగిసే ఎడమ మర, వాళ్ల పాత బండ్లకు కుడి మర. బావ చెప్పిన పద్ధతిలోనే తిప్పి తిప్పి మొదటి బండి కప్పు విరగ్గొట్టాను. ఆ తర్వాత చదివి తెలుసుకున్నాను. నిజం చెప్పాలంటే, బావకు తెలియనిది నాకొకటి తెలిసిందని అప్పుడు లోలోపల పొంగిపోయాను. గురువును మించానని విర్రవీగాను.

నాలుగో బండిగా ఈ టాండెం, రెండు సీట్ల ఫ్రెంచి సైకిలు, వచ్చింది. పెయింటు ఊడి, ఊచలు విరిగి, ముందు సీటు ఎలుకలు కొట్టేసి ఉంది. ఏడాది పట్టింది దాన్ని మనిషిని చెయ్యడానికి. చక్రాల కొలత ఎక్కడా దొరకదని బెంగపెట్టుకుంటే, చివరికి ఇప్పటి పిల్లల గేరు సైకిలు టైరే అతికినట్టు సరిపోయింది. వెనక చక్రానికి స్కూటరుకున్నట్టు డ్రమ్ము బ్రేకు. దాని మీట వెనక కూర్చున్నవాడి హ్యాండిలుకు ఉంటుంది. అంటే ముందువాడు దారి చూడాలి, దిగుడులో బండిని ఆపే భారం వెనకవాడిది.

కళ్లు పోయాక బావ షాపు మూసేసి మంచానికి అతుక్కుపోయాడు. గుమ్మం దాకా వచ్చేవాడు కాదు. టాండెం తెచ్చి వరండాలో నిలబెట్టి, చెయ్యి పట్టుకుని సీటు మీద పెట్టించిన రోజున ఆయన ముఖం చూసి అక్క లోపలికెళ్లిపోయింది, ఏడ్వడానికి. ఆ తర్వాత రెండు నెలలు ఆదివారం ఆదివారం వినుకొండ రోడ్డు మీద తొక్కాం. "మీట నా చేతిలో ఉంది, నీ ప్రాణం నా గుప్పిట్లో ఉందిరా" అని మురిసిపోయేవాడు.

ఒక ఆదివారం బావ బండిని మొత్తం తడుముతున్నాడు. వెనక హబ్బు దగ్గర వేలాగింది. "ఈ కన్నం దేనికిరా?" అన్నాడు. నేను చైను సర్దుతున్నాను, ఎండ నెత్తి మీదుంది, చేతులు గ్రీజు. "నీకెందుకు బావా, ఇది ఫ్రెంచి బండి" అన్నాను. సరేలే అని ఊరుకున్నాడు. మళ్లీ అడగలేదు.

శివరాత్రి తిరనాళ్ల జనం పోయాక కోటప్పకొండ ఎక్కి దిగుదామన్నాడు బావ. ఈ చుట్టుపక్కల దిగుడంటే అదొక్కటే. అక్క ససేమిరా అంది. నెల్లాళ్లు బతిమాలాక, పాదాలు రెండుసార్లు చూసి, కొత్త చెప్పులు తొడిగి, "ఇదొక్కసారే" అంది. తెల్లవారుజామున నేను లోపల నీళ్ల సీసాలు నింపుతుంటే వరండాలో టిక్కు, టిక్కు వినబడింది. చాలా కాలానికి విన్న శబ్దం. బావకు మళ్లీ షాపు గుర్తొచ్చిందని సంతోషపడ్డానే గానీ, ఎక్కడ వేస్తున్నాడో చూడాలని తోచలేదు.

సగం తొక్కుతూ, సగం నెడుతూ పైకెక్కాం. దర్శనం అయ్యాక గోడ దగ్గర నిలబడి, ఏం కనబడుతున్నాయిరా అని అడిగాడు. మిరప కళ్లాలు, మోళ్లు మిగిలిన పత్తి చేలు అని చెప్పాను. కాయ ఎండిన ఘాటు ఇక్కడి దాకా తగులుతోందన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

దిగుడు మొదలైంది. మొదటి మలుపు నా ముందు బ్రేకుతోనే దాటాం. ఆ తర్వాత వాలు పెరిగింది.

"పట్టు బావా."

"పట్టా."

బండి తగ్గలేదు. రెండో మలుపులో రోడ్డుకు నట్టనడుమకొచ్చి తిరిగింది.

"గట్టిగా పట్టు!"

"పట్టానురా, మీట హ్యాండిలుకు ఆనిపోయింది!"

నమ్మలేదు నేను. ఇద్దరి బరువు నా వీపు మీద పడ్డట్టుంది. ముందు బ్రేకు రబ్బరు కాలుతున్న కంపు. ఇంకా గట్టిగా నొక్కితే ముందు చక్రం బిగుసుకుని ఇద్దరం గాల్లో లేస్తాం. కింద నుంచి బస్సు హారను వినబడింది. ఎడమ పక్కన పిట్టగోడ, దాని అవతల లోయ.

"నీ చేతులు పడిపోయాయా! చస్తున్నాం, పట్టుకో!" అని అరిచాను. నాకంటే పదిహేనేళ్లు పెద్దవాణ్ణి, నాకు పని నేర్పినవాణ్ణి, ఆ మాటన్నాను.

వెనక నుంచి బర్రుమని చప్పుడొచ్చింది. బావ రెండు కాళ్లూ పెడళ్ల మీంచి తీసి రోడ్డుకు ఆనించేశాడు. చిన్నప్పుడు బ్రేకుల్లేని బండ్లను ఆపే పద్ధతి అది. బండి ఊగింది, కాస్త తగ్గింది. మలుపులో బస్సు ముఖం కనబడగానే రోడ్డుకు అడ్డంగా కోసి, కొండవైపున్న కంకరగుట్టలోకి ముందు చక్రం దూర్చాను. దిగబడి ఆగిపోయింది. బండి పక్కకు ఒరిగి కొండరాయికి ఆనింది. బస్సు డ్రైవరు తల బయటపెట్టి, "ఏంటయ్యా ఈ వయసులో మీకీ సర్కసు!" అని తిట్టుకుంటూ పోయాడు.

"నీకేం కాలేదు గదా?" అన్నాడు బావ. మొదట అడిగింది అదే. ఆయన కుడి అరచేతిలో మీట గుర్తు ఎర్రగా, లోతుగా పడి ఉంది.

నేను కూలబడి ఆయన పాదాలు చూశాను. కుడి చెప్పు అరిగింది, అంతే. ఎడమ చెప్పుకు అడుగు లేదు. మడమ దగ్గర రూపాయి బిళ్లంత చర్మం లేచిపోయి, రక్తంలో మట్టి కలిసింది. "ఏమన్నా తగిలిందా? నొప్పేం లేదే" అన్నాడు. నొప్పి లేదన్నందుకే నాకు భయమేసింది. సీసాలో నీళ్లన్నీ పోసి కడిగి, తువ్వాలు చింపి కట్టాను.

అప్పుడు మాడిన నూనె వాసన తగిలింది. వెనక హబ్బు చూశాను. కన్నంలోంచి కారిన నూనె ఊచల వెంట జారి ఉంది. వేలు పెట్టి చూస్తే జారుడు. బ్రేకు లైనింగు నూనె తాగాక, ఎంత గట్టిగా పట్టినా ఒకటే. పొద్దున విన్న టిక్కు టిక్కు చెవిలో మోగింది. అది దేనికని అడిగితే నేనన్న మాట కూడా మోగింది.

చెప్పలేదు. నూనె పోసింది నువ్వేనంటే ఎంత కుంగిపోతాడో అనుకున్నాను. అది సాకు. చెబితే ఆ కన్నం సంగతి నేనెందుకు దాచానో కూడా చెప్పాలి. ట్రాలీ ఆటోలో బండినీ బావనూ వేసుకుని ఇంటికొచ్చాం.

అక్క పీట వేసుకుని కూర్చుంది. తువ్వాలు విప్పింది. అరవలేదు. అరిచినా బాగుండేది. "ఏమైంది?" అంది నన్ను చూసి.

"బ్రేకు పట్టలేదక్కా."

"నా చేతుల్లో పట్టు లేదే. వాడు చెబుతూనే ఉన్నాడు" అన్నాడు బావ.

నేను నేలచూపులు చూశాను.

డాక్టరు గాయం చూసి పెదవి విరిచాడు. షుగరు కాలు, మాను పట్టకపోతే మడమతో మొదలై పాదమంతా పోతుందన్నాడు. రోజూ కట్టు. మిల్లులో డ్యూటీ దిగగానే బస్సెక్కి వచ్చి, అక్క కట్టు విప్పేటప్పుడు పక్కన నిలబడేవాణ్ణి. రెండో వారం అంచు నల్లబడింది. ఆ వారం నాకు ముద్ద దిగలేదు. యంత్రం పక్కన నిలబడి ఉన్నా కళ్ల ముందు ఆ మడమే. మూడో వారం చివర నలుపు ఆగింది, అడుగున ఎర్రగా కొత్త కండ కనబడింది. డాక్టరు మొదటిసారి తలూపాడు. అక్క ఆ రోజూ నాతో మాట్లాడలేదు. టాండెం మిల్లు షెడ్డులో గోనెపట్టా కింద ఉంది. పాత ఇనుములవాణ్ణి ఎందుకు పిలవలేదో అడిగే ధైర్యం నాకు లేదు.

గాయం దాదాపు పూడిన రోజుల్లో ఒకసారి చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లాను. ఫ్యాను చప్పుడులో బావకు నా అడుగులు వినబడలేదు. మంచం మీద కూర్చుని, టెన్నిసు బంతిని కుడిచేత్తో పిసుకుతున్నాడు. ముప్పై ఒకటి, ముప్పై రెండు అని లెక్కపెడుతున్నాడు. నుదుట చెమట.

"ఏంటి బావా అది?"

ఉలిక్కిపడ్డాడు. "నువ్వా! ఏం లేదురా. కాలు మానుతోంది గదా, అప్పటికి చేతులు సిద్ధంగా ఉండాలి. ఈసారి నీ ప్రాణం మీదికి తేను."

ఇంత సిగ్గు నేనెప్పుడూ పడలేదు. నా నోటి మాట పట్టుకుని నెలపైన ఆ మనిషి తన చేతుల్ని శిక్షిస్తున్నాడు. మంచం పక్కన నేల మీద కూర్చుని మొత్తం చెప్పేశాను. నూనె, హబ్బు, లైనింగు, అన్నీ.

బావ చేతిలో బంతి ఆగింది.

"ఆ కన్నంలోనా?"

"ఆ."

"నేను నిన్నడిగా, అది దేనికని."

"అడిగావు."

"ఏమన్నావు?"

"నీకెందుకు బావా, ఇది ఫ్రెంచి బండి, అన్నా."

బంతి విసిరాడు. నా మాట వినబడిన దిక్కుకు గురిచూసి విసిరాడు, రొమ్ము మీద తగిలింది. "నీకు నేనెప్పుడన్నా ఆ మాటన్నానురా?" అన్నాడు. గుమ్మంలో అక్క నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు, అంతా విన్నది. నా వైపు చూసి, "బండి తీసుకురా. ముందు ఆయనకంతా చెప్పు" అంది. నెల దాటాక నాతో అన్న మొదటి మాట అది.

డాక్టరు చెప్పులు వేసుకోవచ్చన్నాక, టాండెం తెచ్చి వరండాలో నిలబెట్టాను. కొత్త లైనింగు వేయించాను, కన్నానికి రబ్బరు మూత కోసి బిగించాను. అక్క తనే బండిని వీధిలోకి నెట్టి, మీట పట్టి, ఆగిందాకా వదల్లేదు. రెండుసార్లు చూసింది. తర్వాత నేను బావ పక్కన కూర్చుని, పాత లైనింగుతో మొదలుపెట్టి ఒక్కొక్క సామానూ ఆయన చేతిలో పెట్టి, ఇదేంటో, దేనికో చెప్పుకుంటూ పోయాను. కప్పుకు కుడి మరంటే నమ్మలేదు. తనే తిప్పి చూసి, "వీళ్ల దుంపతెగ" అన్నాడు.

చివరికి వేలు మూత మీద ఆగింది.

"ఇది దేనికిరా?"

"లోపల లైనింగు ఎంత అరిగిందో చూసుకోడానికి బావా. ఇందులో నూనె పడకూడదు."

"ఈ ముక్క ఆ రోజే చెబితే నీ సొమ్మేం పోయేది?"

బావ కుర్చీ కింద చెయ్యి పెట్టి నూనె డబ్బా తీశాడు. "సరే, ఎక్కడ వెయ్యాలో అది చూపించు."

ఆయన మణికట్టు పట్టుకుని చైను మీదికి తీసుకెళ్లాను. టిక్కు, టిక్కు.

అక్క లోపల్నుంచి కొత్త బూట్ల జత తెచ్చి గుమ్మం పక్కన పెట్టింది. పీట లాక్కుని, ఫోన్ లైటు వేసి కూర్చుంది.

"కాళ్లిటు చాపండి" అంది.