అమ్మ ఫ్లెక్సీ ఫోటో

మా ఊళ్లో ఎవరైనా పోతే చుట్టాలు దిగేలోపే సెంటర్లో ఫ్లెక్సీ కట్టేస్తారు. మంచి ఫోటో దొరక్కపోతే ఆధార్ కార్డు మీదున్నదే పెద్దది చేయిస్తారు. కిందటి వేసవిలో మా వీధి చివరింటి పెద్దమ్మ పోయినప్పుడు అదే జరిగింది. వీధి మొత్తాన్ని నవ్వించిన మనిషి, ఆ ఫ్లెక్సీలో గుడ్లు మిటకరించి, కోళ్లు ఎత్తుకెళ్తూ దొరికిపోయినట్టు ఉంది. సమాధుల తోట నుంచి తిరిగొస్తూ మా అమ్మ దాని ముందు ఆగింది.

"నాకు గనక ఆధార్ ఫోటో పెట్టించావంటే లేచొచ్చి చింపుతానే. ముందే చెప్తున్నా."

తమాషాకే అంది. కానీ ఇంటికొచ్చి వెతికితే అమ్మకు వేరే ఫోటోనే లేదు. పెళ్లిళ్లలో తీసినవాటిలో ఎవరి భుజం వెనకో ఉంటుంది, చర్చిలో తీసినవాటిలో ముసుగే కనిపిస్తుంది. విడిగా నిలబెట్టి ఫోను ఎత్తామా, చేతులు కిందికి చాపి, ఊపిరి బిగబట్టి, కొయ్యబారిపోతుంది. రోజంతా కూలికి మిరపకాయలు ఏరుతూ నోరు మూయని మనిషి ఆమె. నాకు పంతం పట్టింది. మా అమ్మ మా అమ్మలాగా ఉన్న ఫోటో ఒక్కటైనా తీసి తీరాలి, అదీ గీతలు పడ్డ నా ఫోనుతోనే.

అప్పట్నుంచి స్కూల్లో పాఠాలు చెప్పి ఇంటికి రాగానే ప్రయోగాలు మొదలుపెట్టేదాన్ని. టీవీ పెట్టెలో వచ్చిన థర్మాకోల్‌తో ఎండను మొహం మీదికి మళ్లించాను. వెలుతురు మెత్తబడాలని కిటికీకి దోమతెర కట్టాను. మార్టూరు గ్రానైట్ పాలిష్ యూనిట్ల దగ్గర పారేసిన నల్లరాతి ముక్క తెచ్చి దాని మీద పూలు పెడితే, నీళ్లలో తేలుతున్నట్టే వచ్చాయి. బంతిపూలు, కోడిపిల్లలు, బిందె మీద నీటిబొట్టు, అన్నీ బ్రహ్మాండంగా కుదిరాయి. అమ్మ మాత్రం కుదరలేదు. నేను ముందే ఫ్రేము కూడా కొని పెట్టానని తెలిసి, "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని ఎత్తిపొడిచింది.

కాయలు కల్లాల మీదికి వచ్చాక ఒక సెలవు రోజు, అమ్మా వాళ్లూ రంగు పోయిన తాలు కాయలు వేరుచేస్తున్న చోటికి వెళ్లాను. ఎదురుగా ఎర్రటి రాశి ఉంటే ఆ రంగు మొహానికీ కాస్త అంటుతుంది. అది కావాలి నాకు. స్టూలు మీద ఫోను నిలబెట్టి రబ్బరుబ్యాండ్లతో బిగించాను. ఇయర్‌ఫోన్ల వైరు తగిలిస్తే, దాని బటన్ నొక్కినా ఫోటో పడుతుంది. రెండు కాయలు తుంచి లెన్సు అంచున అంటించాను. దగ్గరగా ఉన్నది మసకబారుతుంది కాబట్టి ఫోటో మూలన ఎర్రటి పొగలా వస్తుంది. అంతా సిద్ధం చేసి చూస్తే, అమ్మ మళ్లీ ఆధార్ కార్డే.

చెమట కంట్లోకి కారింది. మిరప చేల మధ్య పుట్టి పెరిగి, "ఆ చేత్తో కళ్లు నలపమాకే" అని చిన్నప్పుడు రోజూ తిట్లు తిన్నదాన్ని, కాయలు తుంచిన చేతులతో రెండు కళ్లూ శుభ్రంగా నలుపుకున్నాను.

నిప్పులు పోసినట్టయింది. కల్లంలో ఉన్నచోటే గంతులేశాను. ఆడవాళ్లంతా ఘొల్లుమన్నారు. అందరికంటే పైన అమ్మ గొంతు వినిపించింది.

"ఊళ్లో పిల్లలందరికీ పాఠాలు చెప్తది గానీ, నేను చెప్పిన ఒక్క పాఠం దీనికి ఎక్కలేదు చూడండే."

ఆయాసం వచ్చేదాకా నవ్వుతోంది. నాకేమీ కనిపించడం లేదు. బటన్ మాత్రం చేతిలోనే ఉంది. కళ్లు మూసుకునే నొక్కుతూ పోయాను.

అమ్మే వచ్చి నా కళ్లు కడిగి కొంగుతో తుడిచింది. చూపు ఆనాక ఫోను తీసి చూశాను. ఒకదాంట్లో ముసుగు జారి, గుప్పిట్లో కాయలతో, తల వెనక్కి వాల్చి నవ్వుతోంది. ఆమె చెయ్యి కదిలి మసకబారింది, స్టూలు ఒరిగి ఫోటో కాస్త వంకరగా వచ్చింది. అయినా అది మా అమ్మే. నాకు ఏడుపొచ్చింది. కారం మంట ఇంకా తగ్గలేదనుకున్నారు అందరూ.

ప్రింటు తీయించి, ఫ్రేములో బిగించి అమ్మకు చూపించాను. తర్వాత జాగ్రత్తగా బీరువాలో పెట్టబోయాను.

"దాస్తావేందే?" అంది అమ్మ. "నేను పోయాక ఊరంతా చూస్తారు. నేను చూసుకోవద్దా?"

దగ్గరుండి వాకిలికి ఎదురుగా మేకు కొట్టించింది. ఇప్పుడు మా ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్లు ఇవ్వకముందే ఆ ఫోటో చూపిస్తుంది.

"మా అమ్మాయే తీసింది, కళ్లల్లో కారం కొట్టుకుని" అని చెబుతుంది.