దాసప్ప నవ్వు, కరీం సాబ్ ఏడుపు

మా ఊరి దాసప్పకు భయమేస్తే నవ్వొచ్చేది. అది జబ్బో, గ్రహచారమో, చిన్నప్పుడు పోసిన ఉగ్గులో తేడానో ఎవరూ తేల్చలేదు. పాము కనబడితే అందరం కేకలు వేస్తాం, అతను పకపకా నవ్వేవాడు. తాళి కట్టేటప్పుడు భయపడి నవ్వాడు. పెళ్ళికూతురు తన ముక్కును చూసే నవ్వుతున్నాడనుకుని చాన్నాళ్ళు మాట్లాడలేదు. పొలాలు చూడటానికి వచ్చిన ఒక అధికారి కళ్ళెర్రజేస్తే ఆయన ముఖం మీదే నవ్వి చెంపదెబ్బ తిన్నాడు. దెబ్బ తిన్నాక ఇంకా భయమేసి ఇంకా నవ్వాడు. రెండో దెబ్బ కొట్టడానికి ఆ అధికారికే భయమేసింది.

ఇట్లాంటి మనిషికి పీరు ఎత్తే పని ఇస్తానన్నాడు కరీం సాబ్.

కరీం సాబ్ రాగి, ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాడు. కంబదూరు చుట్టుపక్కల ఆయన కళాయి పూయని వంటిల్లు లేదు. మా ఊరి పీర్ల చావిడి కూడా ఆయన చేతిలోనే ఉండేది. మొహర్రానికి ఆ చావిడిలో పట్టుగుడ్డలు కట్టి నిలబెట్టే పీర్లలో అన్నిటికంటే పెద్దదాన్ని మేం పెద్దస్వామి అనేవాళ్ళం. దాన్ని ఆయనే ఎత్తుకుని ఊరంతా తిరిగేవాడు. ఊళ్ళో సాయిబుల ఇళ్ళు నాలుగే. పండగ మాత్రం అందరిదీ. సాయిబుల పండగ మీకెందుకమ్మా అని ఈమధ్య బస్సులో ఒకాయన నన్నడిగాడు. ఒళ్ళు మండి, ఆయన దిగాల్సిన చోటు వచ్చేదాకా నేను నోరు మూయలేదు.

పీరు ఎత్తితే కరీం సాబ్ కళ్ళు ధారలు కట్టేవి. చావిడి గడప దాటినప్పుడు మొదలైన ఏడుపు ఊరవతల వంక ఒడ్డున పీరు దించేదాకా ఆగేది కాదు. ఎంత భక్తి ఈయనకని ఆడవాళ్ళు కొంగులతో కళ్ళొత్తుకునేవాళ్ళు. ఆయనకు మోకాళ్ళు పట్టేశాయి, కొడుకులు లేరు. పీరు ఇక ఎవరి చేతికి పోతుందా అని ఊరంతా చూస్తోంది. అణాలు పోయి కొత్త పైసలు వచ్చిన ఏడు అది.

ఊరిపెద్ద గంగాధరప్ప తన అక్క కొడుకు తిప్పేస్వామికి ఇమ్మన్నాడు. తిప్పేస్వామి వస్తాదులాంటివాడు, అతను నవ్వగా చూసినవాళ్ళు లేరు. కరీం సాబ్ తల అడ్డంగా తిప్పి దాసప్ప పేరు చెప్పాడు. గంగాధరప్పకు కోపం కంటే దిగులెక్కువైంది. పాపం, ఆయనదీ తప్పు కాదు. శనక్కాయ విత్తనం ఇంట్లో పెట్టుకుని మబ్బు వైపు చూస్తూ కూర్చున్న రోజులవి. స్వామి చేతిలో ఉండగా ఒకడు పళ్ళికిలిస్తే రావాల్సిన వాన కూడా బళ్ళారి వైపు పోతుందని ఆయన భయం. చివరికి ఒక మాట కుదిరింది. పదో రోజు చావిడి నుంచి వంకదాకా దాసప్ప మోయాలి. దారిలో ఒక్కసారి నవ్వినా పీరు తిప్పేస్వామిది. ఆ తర్వాత దాసప్ప చావిడి గడప తొక్కకూడదు.

దాసప్పకు ఆ పీరంటే ప్రాణం. ముందు పుట్టిన బిడ్డలంతా పోతే, వాళ్ళమ్మ కదిరమ్మ పెద్దస్వామికి మొక్కుకుని కన్న కొడుకతను. మొక్కు సగమే తీర్చినాను, మిగతా సగం నీ భుజంతో తీర్చమని చెప్పి ఆమె కన్నుమూసింది. ఆ మాట వింటూ కూడా అతను నవ్వాడట. ఆ నవ్వేమిటో ఆమెకు తెలుసు గనక తల నిమిరిందట.

పండగకు ఇంకా కొన్ని నెలలున్నాయి. కరీం సాబ్ శిక్షణ మొదలుపెట్టాడు. కొలిమితిత్తి శిష్యుడి భుజాన వేసి తనతో పాటు ఊళ్ళు తిప్పాడు. ముందు వేపపుల్ల పంటి కింద పెట్టించాడు. దాసప్ప వేపపుల్లతో సహా నవ్వాడు. చచ్చిపోయిన మీ ఎద్దును తలుచుకోరా అన్నాడు. ఆ ఎద్దు బతికున్నప్పుడు ఓసారి కుమ్మింది, ఆ భయం గుర్తొచ్చి నవ్వాడు. అప్పుడు కరీం సాబ్‌కు గొప్ప ఆలోచన వచ్చింది. చావింట్లో నవ్వకుండా కూర్చోగలిగినవాడు ఎక్కడైనా నవ్వకుండా ఉండగలడు. ఆ రోజు నుంచి గురుశిష్యులు ఏ ఊరికి పోయినా గిన్నెల సంగతి తర్వాత, ముందు చావేమైనా ఉందా అని అడిగేవాళ్ళు. ఒక ఊళ్ళో ఆ ప్రశ్న విని కుక్కల్ని ఉసిగొలిపారు.

చావు దొరికిందంటే పోయి పీనుగ కాళ్ళ దగ్గర కూర్చునేవాళ్ళు. దూరపు చుట్టాలనుకుని ఇంటివాళ్ళు చోటిచ్చేవాళ్ళు. కాసేపటికి దాసప్ప భుజాలు ఎగరడం మొదలయ్యేది. కుమిలిపోతున్నాడనుకుని ఒకామె ఓదార్చడానికి దగ్గరికి తీసుకుంది. తీసుకున్నాక గదా తెలిసింది. చనిపోయినాయన తమ్ముళ్ళు కట్టెలు అందుకున్నారు. మోకాళ్ళ నొప్పుల కరీం సాబ్ దాసప్ప కంటే ముందు పరుగెత్తాడు. తిత్తి ఆ వాకిట్లోనే ఉండిపోయింది.

పొలిమేర దాటాక ఇద్దరూ ఒక రాతిగుండు చాటున కూలబడ్డారు. అక్కడ జరిగిన మాటలు దాసప్ప నాకు చాలాసార్లు చెప్పాడు, ఎప్పుడూ ఒక్క ముక్క మార్చలేదు.

"నాకొద్దు మామా. తిప్పేస్వామికే ఇచ్చేయి. ఆయప్ప నగడు" అన్నాడు దాసప్ప.

"ఆయప్పకు బయమూ ల్యాదు" అన్నాడు కరీం సాబ్. "నేను ఎందుకేడుస్తానో తెలుసునా నీకు?"

"బక్తితో."

"బక్తీ ల్యా ఏమీ ల్యా. బయం రా. ఊరోళ్ళ మొక్కులన్నీ నా బుజం మీద ఉండాయి, యాడ జారిపోతాయో అని బయం. బయమైతే నాకు ఏడుపొస్తాది, నీకు నగు వస్తాది. లోపల ఉండేది ఒకటే. బయం ల్యానోని చేతికిస్తే స్వామిని కట్టె మోసినట్ల మోస్తాడు."

అట్లయితే ఈ చావులన్నీ ఎందుకు తిప్పినావని దాసప్ప అడిగాడు. గంగాధరప్ప కోసమన్నాడు కరీం సాబ్.

మర్నాడు ఆయన భార్య రంజాన్ బీ తనే ఆ ఊరికి పోయి, కాళ్ళా వేళ్ళా పడి తిత్తి తెచ్చుకుంది. ఇద్దరినీ వాకిట్లో నిలబెట్టి తిట్టింది. ఆ తిట్లకు భయపడి దాసప్ప నవ్వాడు. ఆ పూట ఇద్దరికీ కూడు పెట్టలేదు.

పదో రోజు మధ్యాహ్నం తప్పెట్లు మోగాయి. ఊదు చట్టి పట్టుకుని కరీం సాబ్ ముందు నడిచాడు. ఆయన వెనక పెద్దస్వామిని ఎత్తుకుని దాసప్ప. పక్కనే నడుముకు తుండు బిగించి, రెండు చేతులూ సిద్ధంగా పెట్టుకుని తిప్పేస్వామి. గంగాధరప్ప చూపంతా దాసప్ప పెదాల మీదే. ఊరేగింపు చావిడి వీధి దాటింది, రచ్చకట్ట దాటింది. దాసప్ప బుగ్గలు ఉబ్బాయి గానీ నోరు తెరుచుకోలేదు.

మా వీధి మలుపులో పీరు ఎత్తినవాడి కాళ్ళకు ఆడవాళ్ళం నీళ్ళు పోస్తాం. వానలున్న ఏడు బిందెలతో పోస్తాం. ఆ ఏడు ఇంటికొక చెంబు. నా వంతు వచ్చింది. ఆ చెంబు నీళ్ళ కోసం పొద్దున్నే ఎండిన వంకలో చెలమ తవ్వి, గరిటెతో తోడుకుని వచ్చాను. కొత్త కోడలిని, మా అత్త చూస్తోంది. అంత కష్టపడి తెచ్చినవాటిని బడబడా ఎట్లా పోస్తాను? సన్నటి ధార పట్టి, కాలివేళ్ళ సందుల్లో నింపాదిగా పోశాను.

దాసప్ప నవ్వాడు. మామూలు నవ్వు కాదు, ఇన్ని నెలలు బిగబట్టినదంతా ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

తప్పెట్లు ఆగిపోయాయి. గంగాధరప్ప చెయ్యెత్తాడు. తిప్పేస్వామి ముందుకొచ్చి పీరు కర్ర మీద చెయ్యి వేయబోయాడు. దాసప్ప నోరు నవ్వుతూనే ఉంది, కళ్ళు మాత్రం బతిమాలుతున్నాయి. నాకు ఏడుపొచ్చేసింది.

కరీం సాబ్ వెనక్కి తిరిగి శిష్యుణ్ణి చూశాడు. ఇక ఈయన ఏడుస్తాడనుకున్నాం. ముందు గడ్డం కదిలింది, తర్వాత పొట్ట కదిలింది, ఆ తర్వాత ఊదు చట్టిలో నిప్పులు ఎగిరిపడేటట్టు నవ్వాడు. ఆయనకు అట్లా నవ్వడం వచ్చునని రంజాన్ బీకి కూడా తెలియదు. తప్పెట్లవాళ్ళు నవ్వారు, మా అత్త నవ్వింది, నేను ఖాళీ చెంబు పట్టుకుని కింద కూర్చుని నవ్వాను. ఆఖరికి తిప్పేస్వామి నోరు తెరిచి నవ్వాడు. అతనికి ముందుపళ్ళు రెండు లేవని ఊరికి ఆ రోజే తెలిసింది. ఇన్నేళ్ళు ఎందుకు నవ్వలేదో కూడా తెలిసింది.

గంగాధరప్ప ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. పీరు ఇప్పుడు ఎవరికివ్వాలి? ఊళ్ళో నవ్వనివాడు ఆయనొక్కడే మిగిలాడు, ఆయన నడుము నొప్పి మనిషి.

"నడవండప్పా, పొద్దు పోతాండాది" అన్నాడు.

దాసప్ప పీరును వంకదాకా మోశాడు. ఆ ఏడూ వాన సరిగా పడలేదు. కరీం సాబ్ ఏడ్చిన ఏళ్ళలో కూడా పెద్దగా పడింది లేదు గనక ఎవరూ నవ్వును తప్పు పట్టలేదు.

నీకెందుకు నవ్వొచ్చింది మామా అని దాసప్ప తర్వాత అడిగాడట. ఇన్నేళ్ళకు భుజం మీద ఏమీ లేకుండా నడిచాను, భయం పోయిందన్నాడట కరీం సాబ్. నేను పోయిన రోజు మాత్రం నువ్వు నవ్వాలి, అన్ని చావులు తిప్పి నేర్పింది నా చావుకు పనికి రాకపోతే ఎట్లా అని మాట కూడా తీసుకున్నాడట.

నాలుగైదేళ్ళకు ఆయన పోయాడు. దాసప్ప వచ్చి గురువు కాళ్ళ దగ్గర, అలవాటైన చోటే కూర్చున్నాడు. అందరం అతని భుజాల వైపు చూస్తున్నాం. ఎంతసేపటికీ కదల్లేదు. రంజాన్ బీకి ఓపిక పోయింది.

"నగు దాసా. మాటిచ్చినావు కదా. ఆయప్ప వింటాండాడు" అంది.

దాసప్ప పళ్ళు బయటపెట్టాడు, బుగ్గలు రెండు వైపులా సాగదీశాడు, హ హ అని గొంతుతో అనిచూశాడు. కళ్ళ నుంచి మాత్రం ధారలు కారుతున్నాయి.

"రావడం ల్యా అత్తా. ఏడుపే వస్తాండాది."

రంజాన్ బీ ఆ ముఖాన్ని చూసింది.

"స్వామిని మాత్రమే ఇచ్చినాడనుకుంటి. ఏడుపూ నీకే ఇచ్చిపోయినాడా" అంది. అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆపుకోలేక నవ్వింది.