గీయన మాటన్న ఇనుండ్రి

మెదక్‌లో మా గల్లీకి వచ్చే ఆశా వర్కర్ అక్క చంకలో ఎప్పుడూ చుట్టిన పోస్టర్ ఒకటి ఉండేది. అందులో పేరున్న క్రికెటర్ ఒకాయన బ్యాటు పట్టుకుని, బీపీ చూపించుకోండని చెబుతుంటాడు. మా నాన్న ఎవరు చెప్పినా బీపీ మాత్ర మింగేవాడు కాదు. అక్క గుమ్మంలోనే పోస్టర్ విప్పి, ఆ ఆటగాడి మొహం మీద వేలు పెట్టేది.

"నా మాట ఇనకుంటె మానె కాకా, గీయన మాటన్న ఇనుండ్రి."

మ్యాచంటే చెవి కోసుకునే నాన్న నవ్వి మాత్ర వేసుకునేవాడు.

గల్లీలో అందరి చేతులకూ అక్క బీపీ పట్టీ చుట్టింది. ఒకరోజు మా గడప మీద కూర్చుని కణతలు నొక్కుకుంటుంటే అడిగాను, "నీది చూసుకున్నవా అక్కా?"

"నాకు యాడ తీరుతది? ఇంకా ఎనక గల్లీ మొత్తం ఉన్నది," అని లేచింది.

పట్టీ అప్పటికింకా మా గడప మీదే ఉంది. తీసి ఆమె చేతికి చుట్టాలని నాకు తోచలేదు.

ఆ వానాకాలమే బీపీ పెరిగి, మెదడులో నరం చిట్లి అక్క చనిపోయింది.

ఇప్పుడు టీవీలో ఆ క్రికెటరే వచ్చి అదే మాట చెబితే నాన్న టీవీ కట్టేస్తాడు. మాత్ర చేతిలోకి తీసుకుని, "గది ఆయన మాట గాదు, మన బిడ్డ మాట," అంటాడు.