తోటంతా ఒక్కసారే కత్తిరించిన చలికాలం

పోయిన ఆదివారం మా అబ్బాయి కారులో మెహిదీపట్నం నుంచి ఇంటికి వస్తుంటే, అజీజ్‌నగర్ దాటాక రోడ్డు పక్కన కొత్తగా పెట్టిన పెద్ద బోర్డు ఒకటి కనిపించింది. కొండల నడుమ తీగ మీద వేలాడే రంగురంగుల డబ్బాలు, కింద బొమ్మ రైలు, ఆ పైన చలికాలపు ప్రత్యేక తగ్గింపు అని లావుపాటి అక్షరాలు. కొండ మీది ఆటల పార్కు అది. బండి ఆపమన్నాను. ఆపలేదు గానీ జర మెల్లగా పోనిచ్చాడు. ఈ జనవరిలో అందరం పోదాం అన్నాను. చూద్దాంలే అమ్మా అన్నాడు. మా ఇంట్లో చూద్దాం అంటే ఏమిటో నాకు బాగా తెలుసు. ఒకప్పుడు అదే మాట మా మామ నోట విని, దాన్ని పోదాం అనిపించేదాకా ఆయన్ను ప్రశాంతంగా అన్నం తిననివ్వనిదాన్ని నేను.

చేవెళ్ళ, మొయినాబాద్ చుట్టుపక్కల పూలతోటలు చేసిన నా ఈడు వాళ్ళకు నేను చెప్పబోయేది కొత్తేమీ కాదు. గులాబీ తోట ఉన్న ఇంటికి పండగ ఉండదు, ఆదివారం ఉండదు. తెల్లవారకముందే మొగ్గలు తెంపాలి, కట్టలు కట్టాలి, పాత వార్తాపత్రికల్లో చుట్టాలి, పూల జీపు వచ్చేసరికి రోడ్డు మీద నిలబడాలి. ఒక్కరోజు తెంపకపోతే పూలు చెట్టు మీదే విప్పారి రాలిపోతాయి, ఆ కొమ్మ మళ్ళీ సరిగ్గా మొగ్గ వేయదు. అందుకని మేం నలుగురం, అంటే అత్తమ్మ, మామ, మా ఆయన, నేను, కలిసి ఒక్కచోటికి పోయిన పాపాన పోలేదు. ఎవరో ఒకరు తోట కోసం వెనక ఉండాల్సిందే. ఆ ఒకరు ఎప్పుడూ అత్తమ్మే. సొంత తమ్ముడి బిడ్డ పెళ్ళికి కూడా బుట్టల కొద్దీ పూలు పంపి తాను తోటలో ఉండిపోయింది. తనకు ప్రయాణాలు పడవని ఆమె అనేది, మేమూ నమ్మేవాళ్ళం. నమ్మితే మాకే సుఖం కదా.

అట్లాంటి అత్తమ్మ ఒకనాడు కట్టలు చుడుతూ చుడుతూ ఒక పేపరు ముక్కను పక్కన పెట్టింది. మర్నాడు కూడా దాన్ని పూలకు వాడలేదు. ఏమిటా అని చూస్తే, పుణె దాటాక కొండల మీద ఎక్కడో కొత్తగా కట్టిన పార్కు ప్రకటన. లోయ మీద తీగకు వేలాడే ఒక డబ్బా, అందులో కూర్చుని నవ్వుతున్న ఆడవాళ్ళు. అత్తమ్మకు చదువు రాదు. ఆ డబ్బాలో కూర్చున్నవాళ్ళకు కిందికి చూస్తే ఏం కనిపిస్తుంది, తీగ ఊగుతుందా, భయమైతే మధ్యలో దిగొచ్చా అని నన్ను వరసగా అడిగింది. ప్రయాణాలు పడనిది ఆమెకు కాదు, మేం పడనివ్వలేదని నాకు ఆ క్షణాన తెలిసింది. తెలిసినాక ఊరుకోవడం నా వల్ల కాలేదు. ఈమెను ఆ డబ్బాలో కూర్చోబెట్టాలి, అందరం కలిసి పోవాలి, వెనక ఎవరూ ఉండకూడదు అని మనసులో గట్టిగా అనుకున్నాను.

అనుకున్నంత సులువుగా అయ్యే పనా? పెళ్ళిళ్ళ కాలంలో ఆ ఊసే ఎత్తకూడదు. మిగిలింది పుష్యమాసం. శూన్యమాసం గనుక ముహూర్తాలు ఉండవు, పూలకు గిరాకీ పడిపోతుంది. చలికి జనం రారు గనుక ఆ పార్కులో కూడా అప్పుడే టికెట్లు తక్కువ. వాళ్ళకు, మాకు ఒకేసారి పని లేని రోజులు వస్తాయన్నమాట. కానీ ధర ఉన్నా లేకపోయినా గులాబీ పూస్తూనే ఉంటుంది గనుక తెంపక తప్పదు. దానికి ఒకటే ఉపాయం. కొమ్మలు కత్తిరించాక నెలా పదిహేను రోజుల దాకా చెట్టు పూయదు. అందరూ తోటను సగం సగంగా కత్తిరిస్తారు, ఒక సగం చిగురు వేస్తుంటే రెండో సగం పూస్తుండాలని. మేం మార్గశిరం చివర్లో తోటంతా ఒక్కసారే కత్తిరిస్తే పుష్యమంతా తీరిక దొరుకుతుంది, మాఘం పెళ్ళిళ్ళకు తోట నిండుగా పూస్తుంది. ఈ లెక్క నేను రాత్రింబవళ్ళు కూర్చుని వేసిందేమీ కాదు, కలుపు తీస్తుంటే తట్టింది.

మా ఆయన సరే అన్నాడు, కాకపోతే మామకు చెప్పే పని నాకే వదిలేశాడు. మామ ముందు చూద్దాం అన్నాడు. మళ్ళీ అడిగితే కసురుకున్నాడు.

“తోటంత ఒక్కపారే కోస్తే జనవరి ఒకటో తారీఖు మార్కెట్ల ఏం పెడతం బిడ్డా, మొండి కొమ్మలా?”

మాట నిజమే. కొత్త సంవత్సరానికి ఒక్కో గులాబీ ఎంత పలికేదో మా అందరికీ తెలుసు. ఆ ఒక్కరోజు పోతుంది, నిజమే, కానీ అత్తమ్మకు ఇన్నేళ్ళలో ఎన్ని రోజులు పోయాయి అని అడిగాను. కోడలు మామకు ఎదురు చెప్పే రోజులు కావవి. ఆయన లేచి వెళ్ళిపోయాడు. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. రెండు రోజుల తరువాత పొద్దున చూస్తే మామ కత్తెర నూరుతున్నాడు. సంతోషంతో నాకు కాలు ఒకచోట నిలవలేదు.

కత్తిరింపు అయింది. వికారాబాద్‌లో ఎక్కే రైలుకు టికెట్లు తీసుకున్నాం. అంతా సిద్ధమయ్యాక చేను చివరికి పోయి చూద్దును గదా, గట్టు వెంట రెండు వరసలు కత్తెర తగలకుండా నిండుగా పూసి ఉన్నాయి. అత్తమ్మ మామను అటు పోనివ్వలేదట. ఎందుకని అడిగితే నా ముఖం చూడకుండా చెప్పింది.

“మీరు పోయి రాండ్రి బిడ్డా. ఎవలింట్లనన్న పాణం పోతే పూలకు మనింటికే వస్తరు. ఇంటికి తాళమేసుంటే ఎట్ల?”

అది మా ఇంటి ఆనవాయితీ. పెళ్ళికి పూలు అమ్ముతాం, చావుకు మాత్రం ఊరికే ఇస్తాం. ఏ కులం వారైనా, ఏ దేవుణ్ణి మొక్కేవారైనా సరే. ఆ వరసలను ఏటా వదిలిపెట్టేది, తెంపి ఇచ్చేది అత్తమ్మే. ఇన్ని లెక్కలు వేసిన నేను దాన్నే మరిచిపోయాను. ఆమె మీద కోపం వచ్చింది, అంతకు మించి ఏడుపు వచ్చింది. అయినా ఇంతదాకా వచ్చి వెనక్కి తగ్గదలచుకోలేదు.

మా పక్క చేను వాళ్ళు చర్చికి పోయేవాళ్ళు. ఆ ఇంటి కోడలిని నేను చెల్లె అని పిలిచేదాన్ని. నేరుగా ఆమె దగ్గరికి పోయి సంగతి చెప్పాను. ఆమె చేతిలో పని వదిలేసి నా వెంటే వచ్చి అత్తమ్మ ముందు కూర్చుంది.

“మా క్రిస్మస్ అయిపోయింది పెద్దమ్మా, నాకు తీరికనే ఉన్నది. ఎవలొచ్చినా నేనే తెంపిస్త. పైస ముట్ట. నువ్వు ఫికర్ చెయ్యకు, పొయ్యిరా.”

అత్తమ్మ ఒక్కొక్కటే అప్పగింతలు పెట్టింది. స్నానం చేశాకే తెంపాలని చెప్పింది, ఎవరినీ వాకిట్లో నిలబెట్టి మాట్లాడొద్దని చెప్పింది, మొగ్గలు కాదు విప్పారినవే ఇవ్వాలని చెప్పింది. చెల్లె అన్నిటికీ తల ఊపింది. నేను అత్తమ్మ చీరలు సంచీలో సర్దేశాను, మళ్ళీ మనసు మారకముందే.

ఆ కొండ మీద చలి ఎముకలు కొరికింది. నీళ్ళ ఆటలన్నీ మూసేశారు. జనం పలచగా ఉన్నారు. తీగ మీది డబ్బా ఎక్కేసరికి మామ కళ్ళు గట్టిగా మూసుకుని దేవుళ్ళందరినీ పేరుపేరునా తలుచుకున్నాడు. అత్తమ్మ మాత్రం అద్దానికి ముఖం ఆనించి, మబ్బు విడిపోయి లోయ కనిపించిన ప్రతిసారీ నవ్వింది. ఆమె అంత పైకి నవ్వడం నేను అంతకుముందు వినలేదు. ఎక్కేవాళ్ళు లేరు గనుక డబ్బా నడిపే అతను మమ్మల్ని దిగమనలేదు. మేం అట్లాగే అటూ ఇటూ తిరుగుతూ ఉన్నాం. పార్కులో చక్కటి గులాబీ మడులు ఉన్నాయి. మామ వంగి ఒక్కో చెట్టూ చూశాడు. అత్తమ్మ అటు తల తిప్పితే ఒట్టు.

ఇంటికి వచ్చేసరికి తెలిసింది, మేం లేనప్పుడు ఊళ్ళో ఒక పెద్దాయన పోయాడట. అత్తమ్మ సంచీ కూడా దించకుండా గట్టు దగ్గరికి పోయింది. నేను వెనకే పోయాను. చెల్లె ఏ కొమ్మా విరవకుండా విప్పారిన పూలన్నీ తెంపి ఇచ్చింది, మొగ్గలు అట్లాగే ఉన్నాయి. అత్తమ్మ ఆ కొమ్మలను తడుముతూ, “నేను లేకున్నా నడిచింది” అన్నది. ఆ మాటలో నొప్పి ఉంది, బరువు దిగిన హాయి కూడా ఉంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను, ఆమె విడిపించుకోలేదు. మరుసటి ఏడు కత్తిరింపుల వేళకు ఆమే నన్ను అడిగింది, ఈపారి ఏ గుట్టకు పోదాం అని.

ఆ తరువాత ఎన్నో కొండలు చూసింది. ఇప్పుడు అత్తమ్మ లేదు, మామ లేడు, మా ఆయన కూడా లేడు. ఆ తోట ఎవరిదో ఫామ్‌హౌస్ అయింది. మా అబ్బాయికి వారాంతంలో పని, కోడలికి రాత్రి ఆఫీసు, మనవరాలికి జనవరి అంతా కోచింగ్. అప్పుడు మా ఇంటికి ఒకటే పని ఉండేది గనుక తీరిక వచ్చినా అందరికీ కలిసే వచ్చేది. పెళ్ళిళ్ళు ఆగితే మేమూ ఆగేవాళ్ళం, మాతోపాటు చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఆగేవి. ఇప్పుడు ఎవరి సెలవు వాళ్ళ ఫోన్లో ఉంది, ఒకరిది ఒకరితో కలవదు. తెంపాల్సిన పువ్వు లేదు, తడపాల్సిన మడి లేదు, ఇంటికి తాళం వేస్తే అడిగేవాళ్ళూ లేరు. వెనక ఉండాల్సిన అవసరం ఎవరికీ లేని ఇంట్లో, కలిసి బయలుదేరే రోజు ఒక్కటి దొరకడం లేదు.

అయినా నేను వదలను. నిన్న కోడలు ఆఫీసుకు బయలుదేరుతుంటే గుమ్మంలో నిలబెట్టి అడిగాను, పుష్యంలో ఏ వారం నీకు వీలవుతుందని. చూద్దాం అత్తమ్మా అన్నది. ఇవాళ మళ్ళీ అడుగుతాను.