దొర బరువుకు బిగించిన బండి

యుద్ధం ముగిశాక మదనపల్లెలో మా మిషన్ ఆసుపత్రికి సైన్యం వదిలేసిన మోటారు సైకిలు ఒకటి వచ్చింది. దాన్ని డాక్టరు దొర నడిపేవాడు. ఆరడుగుల పైన ఎత్తు, దానికి తగ్గ ఒళ్లు. ఆయన వాళ్ల దేశానికి వెళ్లిపోతూ బండిని నాకు అప్పగించాడు. నేను బక్కపలచటి కాంపౌండరును. వారానికోసారి గడ్డి పరిచిన పెట్టె వీపుకు కట్టుకొని పుంగనూరు దవాఖానాకు మందుసీసాలు చేర్చడం నా పని.

మొదటి రోజే గుంత వచ్చినప్పుడల్లా సీటు నన్ను పైకి విసిరింది. పుంగనూరులో నర్సు పెట్టె తెరిచింది. నాకంటే పెద్దావిడ.

"ఏమప్పా, మందు తెచ్చినావా, గాజుపెంకులు తెచ్చినావా?" అంది.

మూడు సీసాలు పగిలి దగ్గుమందు గడ్డి నిండా కారింది.

ముందు చక్రం పైనున్న స్ప్రింగు పక్కన చేత్తో తిప్పే బిళ్ల ఒకటి ఉండేది. దాన్ని బిగిస్తే ఊపు తగ్గుతుందన్నాడు ఒక లారీ డ్రైవరు. బిగిస్తే చేతులు తిమ్మిరెక్కాయి. మరుసటి వారం వదులు చేశాను. ముందు భాగం మేకపిల్లలా గెంతింది, సీటు ఎప్పటిలాగే ఎగరేసింది. తప్పు బండిదో, రోడ్డుదో, నాదో అర్థం కాలేదు. ఆదివారం ప్రార్థనలో కూడా ఆ బిళ్లే మనసులో తిరిగేది.

కుప్పంలో సైన్యంలో పనిచేసి వచ్చిన మెకానిక్కు ఉన్నాడని విని అంత దూరమూ వెళ్లాను. భారీ మనిషి ఒక దొర నడిపిన బండి అని చెప్పాను. అతను పానా పట్టనే లేదు.

"ఎక్కి కూచో సామీ."

కూచున్నాను. వంగి సీటు కిందికి చూశాడు.

"దిగు. మళ్లా కూచో. నీ బరువెంత?"

"తెలీదప్పా. యాల అడగతాండావు?"

"ఈ సీటు స్ప్రింగులు దొర బరువుకు ఏసినవి. నువ్వు కూచున్నట్టు వాటికి తెలీనే లేదు. నువ్వేమో ముందర బిళ్లను తిప్పతాండావు, సూడు!"

పాత బండిలోంచి తీసిన మెత్తటి స్ప్రింగులు వేసి, నేను కూచుంటే సీటు రెండు వేళ్ల మందం అణిగేదాకా సరిచేశాడు. బిళ్లను సగం వదిలి, "గుంతలుంటే కొంచెం బిగించు, బాట బాగుంటే వదులు" అన్నాడు. తలూపాను గానీ ఏదీ బుర్రకెక్కలేదు.

తిరుగుదారిలో వెంకటగిరికోట దాటాక బండి ఎంత మెత్తగా సాగిందంటే, ఏదో ఊడిపోయిందనుకొని రెండుసార్లు దిగి చక్రాలు చూశాను. అన్నీ ఉన్నాయి.

ఆ వారం నర్సు పెట్టె తెరిచింది. ఒక్క సీసా కూడా పగల్లేదు. నా ముఖం చూసింది.

"బస్సులో వచ్చినావా?"

కాదన్నాను. స్ప్రింగుల సంగతి చెప్పబోయి, బిళ్ల దగ్గరికొచ్చేసరికి తడబడిపోయాను.

"మెకానిక్కు బాగు చేసినాడమ్మా" అని ఊరుకున్నాను.